గోడ మీది శుక్రవారం

ఒక శుక్రవారం సాయంత్రం యూదు మిత్రులొకరు మమ్మల్ని భోజనానికి పిలిచారు. భోజనాల బల్ల వెనక గోడ మీద నలుపు తెలుపు చిత్రం ఒకటి ఉంది. వేలాడే దీపం కింద ఓ కుటుంబం. "మీలో బొమ్మలు పెట్టుకోకూడదంటారు కదా అంకుల్?" అని మా అమ్మాయి అడిగింది. "పూజించకూడదమ్మా. చూస్తే తప్పులేదు" అన్నారాయన. ఆ చిత్రకారుడు మోరిట్జ్ డేనియల్ ఓపెన్‌హైమ్. ఇంటికొచ్చాక ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

పది ఆజ్ఞల్లో విగ్రహాలు చేసుకోవద్దని ఉన్నమాట నిజమే. దాన్ని ఎంతవరకు పాటించాలన్నది మాత్రం కాలాన్నిబట్టీ, ప్రాంతాన్నిబట్టీ మారుతూ వచ్చింది. సిరియాలోని దురా యూరోపోస్‌లో 1932లో బయటపడిన మూడో శతాబ్దపు యూదు ప్రార్థనామందిరం గోడల నిండా మోషే మొదలైనవారి కథలు మనుషుల బొమ్మలతోనే ఉన్నాయి. మనకు గోడ మీద పటం అంటే చాలావరకు దేవుడి పటమే. ఓపెన్‌హైమ్ చిత్రాల్లో దేవుడు కనిపించడు. దేవుణ్ణి తలుచుకునే మనుషులే కనిపిస్తారు.

ఆయన 1800లో జర్మనీలోని హనావు పట్టణంలో, యూదులను వేరుగా ఉంచిన వాడలో పుట్టాడు. మ్యూనిక్, పారిస్, రోమ్ నగరాల్లో చిత్రకళ నేర్చుకుని 1825లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడ్డాడు. రోత్‌షీల్డ్ కుటుంబంవారి చిత్రాలు గీసి పేరు తెచ్చుకున్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్ యూదులకు పూర్తి సమానహక్కులు 1864లో వచ్చాయి. సరిగ్గా రెండేళ్ళకు, 1866లో, పాతకాలపు యూదు కుటుంబ జీవితం మీద ఆయన చిత్రాల సంపుటి వెలువడింది. మొదట ఆరు చిత్రాలు. 1882లో ఆయన చనిపోయేనాటికి అవి ఇరవై అయ్యాయి. ఆనాటి ఫోటోల్లో రంగుల ఛాయలు సరిగా పడేవి కావు. అందుకని ప్రతులు తీయడానికి వీలుగా తైలవర్ణాల్లోనే నలుపు, తెలుపు, బూడిద ఛాయలతో మళ్ళీ గీశాడు. అలా అవి సామాన్యుల ఇళ్ళకు కూడా చేరాయి.

కొన్నవాళ్ళెవరు? వాడ వదిలి మంచి వీధుల్లోకి మారినవాళ్ళు, పిల్లలను జర్మన్ బడుల్లో చదివించుకుంటున్నవాళ్ళు. తాతల ఇంట్లో ప్రతివారం జరిగిన శుక్రవారపు దీపం, పస్కా విందు, పర్ణశాల పండుగ తమ ఇంట్లో పలచబడుతున్న రోజుల్లో వాటి చిత్రాలు తెచ్చి గోడకు తగిలించుకున్నారు. ఆ చిత్రాల్లో గదులు విశాలంగా, మనుషులు ప్రశాంతంగా ఉంటారు. అసలు ఫ్రాంక్‌ఫర్ట్ యూదు వీధి ఇరుకైనది. ఒకప్పుడు రాత్రిళ్ళు, ఆదివారాలు దాని తలుపులకు తాళాలు వేసేవారు. ఆ తాళాలు ఈ చిత్రాల్లో కనిపించవు.

అయినా ఓపెన్‌హైమ్ అన్నీ తీపిగానే గీశాడనలేం. 1834 నాటికి పూర్తిచేసిన ఓ చిత్రంలో, నెపోలియన్‌పై యుద్ధంలో పోరాడిన కొడుకు విశ్రాంతిదినాన ఇంటికి వస్తాడు. ఆ రోజు ప్రయాణం నిషిద్ధం. ఛాతీ మీద పతకమేమో శిలువ ఆకారంలో ఉంది. తండ్రి దానికేసే చూస్తున్నాడు. ఆ చూపులో గర్వం ఎంత, దిగులు ఎంత అన్నది చూసేవాళ్ళే తేల్చుకోవాలి.

సంపుటిలో ఇంకో చిత్రముంది, 1871 నాటిది. ఫ్రాన్స్‌తో యుద్ధానికి వెళ్ళిన యూదు సైనికులు ఓ పరాయి ఇంట్లో గుమిగూడారు. వారిలో ఒకరి ఇంట్లో పోయినవారి తిథి ఆ రోజు. మన తద్దినం లాంటిదే. ఆ ప్రార్థనకు పదిమంది మగవాళ్ళు కావాలి. సొంత ఊరు లేదు, మందిరం లేదు. పదిమంది దొరికారు, అంతే.

గోడకు ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను ఈ చిత్రాన్నే ఎంచుకుంటాను. దీపం కింద కుటుంబం చక్కగానే ఉంటుంది. కానీ అది తాతగారి ఇల్లు. సైనికుల చిత్రం, ఊరు దాటి వచ్చాక ఏం మిగుల్చుకోగలిగామో చెబుతుంది. పరాయి ఊళ్ళో తద్దినానికి పురోహితుడి కోసం ఫోన్లు చేసినవాళ్ళకు ఆ పదిమంది కొత్తవాళ్ళు కారు.

ఆ రాత్రి మా మిత్రుడు బల్ల దగ్గర పిల్లల తలల మీద చేతులుంచి దీవించారు. వెనక గోడ మీద చిత్రం ఉంది. పిల్లలు మాత్రం దానికేసి చూడనేలేదు. వాళ్ళకు దాని అవసరం ఇంకా రాలేదు.