సైన్యానికి చేరని ట్యాంకులు

ఫిల్మ్‌నగర్‌లో కథాచర్చల్లో కూర్చునే మా బావ మొన్న ఫోన్ చేసి, "హిట్లర్ దగ్గర కొండంత ట్యాంకు ఉండేదటగా, ఇంకో ఆరు నెలలు దొరికుంటే యుద్ధం మరోలా ఉండేదట, నిజమేనా?" అని అడిగాడు. 2015లో దర్శకుడు క్రిష్ 'కంచె'తో ఆ యుద్ధాన్ని తెలుగు తెర మీదికి తెచ్చాడు. జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో మళ్ళీ ఎవరైనా ఆ కాలం కథ రాసుకుంటే సంతోషమే. ఈ ఆరు నెలల మాట మాత్రం అందులో చేరకూడదని నా కోరిక. జర్మనీలో నేనుండే కాసెల్‌లోనే, హెన్షెల్ ఫ్యాక్టరీలో, టైగర్ ట్యాంకులు తయారయ్యేవి. 1943 అక్టోబరు 22 రాత్రి ఈ ఊరి మీద పడ్డ బాంబులకు సుమారు పదివేల మంది చనిపోయారు. ఇక్కడ బతుకుతూ ఆ చరిత్ర పట్టనట్టు ఉండలేం.

బావ అడిగింది మౌస్ అనే ట్యాంకు గురించి. ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పన. 1942లో హిట్లర్ సరేనన్నాడు. 188 టన్నులు, అంటే జనంతో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులు పదింటిని మించిన బరువు. ఇంజనుతో జనరేటరు తిప్పి, ఆ కరెంటుతో మోటార్లు నడిపించి, వాటితో చక్రాలు తిప్పారు. వంతెనలు దాన్ని మోయలేవు కనుక నది అడుగునే నడిపించాలనుకున్నారు. నీళ్ళలో దాని ఇంజను ఆపేయాలి కాబట్టి, ఒడ్డున ఇంకో మౌస్ నిలబడి కేబుల్ ద్వారా కరెంటు అందించాలి. ఇది అవతలికి చేరాక, దానికి ఇది అందించాలి. నెత్తిన శత్రు విమానాలు తిరుగుతుంటే నది ఒడ్డున ఈ పని చేస్తూ కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? ఆ ఇంజనీర్ల తెలివిని తక్కువ చేయను. అది దేనికి ఖర్చయిందన్నదే నా బాధ.

ఇక తేదీలు చూడండి. మొదటి మౌస్ బెర్లిన్‌లోని ఆల్కెట్ ఫ్యాక్టరీలో కదిలింది 1943 డిసెంబరులో. వందకు పైగా తయారు చేయాలన్న ఆర్డరు ఆపాటికే రద్దయింది! చివరికి మిగిలినవి రెండు బాడీలు, ఒక టరెట్. సోవియట్ సైన్యం ఒక బాడీ మీద ఆ టరెట్‌ను కూర్చి మాస్కో దగ్గరి కుబింకాకు తీసుకుపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

క్నీప్‌కాంప్ అనే ఇంజనీరు వేసిన ఇ-వరుస పథకం మౌస్ కంటే మెరుగు. చిన్న ట్యాంకు నుంచి పెద్దదాకా వీలైనన్ని విడిభాగాలు ఒకటే ఉండాలన్నాడు. దాన్లోంచి ఇనుముగా రూపం తీసుకున్నది ఇ-100 ఒక్కటే, అదీ సగంలోనే. పాడర్‌బోర్న్ దగ్గర హౌస్టెన్‌బెక్‌లో దొరికిన దాన్ని బ్రిటిష్‌వాళ్ళు తీసుకెళ్ళి, పరీక్షించి, తుక్కు చేశారు.

ఇంకో ఆరు నెలలు దొరికినా లెక్క మారేది కాదు. రష్యన్లు యుద్ధకాలంలోనే 50,000కు పైగా టీ-34 ట్యాంకులు చేశారు. కాసెల్ నుంచి బయటికి వెళ్ళిన మొదటి రకం టైగర్లు 1,350 లోపే. పైగా 1944 మే నుంచి కృత్రిమ పెట్రోలు ఫ్యాక్టరీల మీద బాంబులు పడ్డాయి, ఆగస్టులో రుమేనియా చమురు చేజారింది. ఉన్న ట్యాంకులకే పెట్రోలు లేదు, కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడానికీ లేదు.

కథ రాసేవాళ్ళు ట్యాంకు కొలతలకంటే ముందు అడగాల్సింది, దాన్ని ఎవరి చేత చేయించారని. 1944లో జర్మనీలో పనిచేసిన విదేశీయులు, యుద్ధఖైదీలతో కలిపి, డెబ్బై లక్షలకు పైనే. అందులో చాలామందిని ఉక్రెయిన్, పోలెండ్, రష్యా ఊళ్ళ నుంచి బలవంతంగా పట్టుకొచ్చారు. హెన్షెల్‌లోనూ, మౌస్ ఉక్కు బాడీలు చేసిన క్రుప్‌లోనూ వాళ్ళున్నారు. ఆ వెట్టిచాకిరీ నేరానికి 1948లో న్యూరెంబర్గ్‌లో ఆ కంపెనీ యజమాని ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌కు పన్నెండేళ్ళ శిక్ష పడింది. 1951లో విడుదలయ్యాడు, ఆస్తీ తిరిగొచ్చింది. ఆ కూలీలకు మాత్రం జర్మనీ ప్రభుత్వమూ కంపెనీలూ కలిసి పెట్టిన నిధి నుంచి పరిహారం అందడం మొదలైంది 2001లో. 2007 దాకా పదహారు లక్షలకు పైగా మందికి ఇచ్చారు.