సంచార ధ్వని వ్యవస్థ

సంచార ధ్వని వ్యవస్థ అనగా తిరునాళ్ళు, పెళ్ళిళ్ళు, బహిరంగ సభలు జరిగే చోటికి తీసుకువెళ్ళి అమర్చే మైకులు, మిక్సరు, క్రాసోవరు, ఆంప్లిఫయర్లు, స్పీకర్ల సముదాయం. వాడుకలో దీనిని మైకుసెట్టు లేదా సౌండ్ సిస్టం అంటారు.

అమరిక

మైకుల సంకేతాలు మిక్సరులో కలసి క్రాసోవరుకు చేరుతాయి. యాక్టివ్ క్రాసోవరు సంకేతాన్ని ఆంప్లిఫయర్లకు ముందే విడదీస్తుంది. సాధారణంగా 80 - 120 హెర్ట్జ్‌ల మధ్య ఎంచుకున్న ఒక హద్దుకు దిగువనున్న పౌనఃపున్యాలు ఒక ఆంప్లిఫయరు ద్వారా సబ్‌వూఫర్లకు, ఎగువనున్నవి మరొక ఆంప్లిఫయరు ద్వారా మిగిలిన స్పీకర్లకు వెళతాయి. ఆంప్లిఫయర్లను అన్నిటికంటే చివర ఆన్ చేసి, అన్నిటికంటే ముందు ఆఫ్ చేయాలి. లేనిచో ఇతర పరికరాల కుదుపు స్పీకర్లను దెబ్బతీయవచ్చు.

స్పీకర్ల కలయిక

8 ఓముల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే మొత్తం ఇంపిడెన్స్ 4 ఓములు, నాలుగింటిని కలిపితే 2 ఓములు అవుతుంది. ఆంప్లిఫయరుకు నిర్దేశించిన కనిష్ఠ విలువ కంటే ఇది తగ్గితే ఆంప్లిఫయరు వేడెక్కి పాడవవచ్చు. పక్కపక్కనున్న రెండు సబ్‌వూఫర్లలో ఒకదాని ధన, ఋణ తీగలు తారుమారైతే వాటి ధ్వని తరంగాలు పరస్పరం రద్దయి మంద్రధ్వని క్షీణిస్తుంది.

సముద్రతీరంలో జాగ్రత్తలు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని మైపాడు వంటి తీరగ్రామాలలో ఉప్పుగాలి వలన కనెక్టర్లు త్వరగా తుప్పు పడతాయి. తడి ఇసుక విద్యుత్ వాహకం కనుక తీగల అతుకులను నేలపై ఉంచరాదు. గుయ్‌మనే శబ్దాన్ని పోగొట్టడానికి ప్లగ్గులోని ఎర్తు పిన్నును తొలగించడం ప్రాణాంతకం. లోపలి విద్యుత్ తీగ మిక్సరు లోహపు పెట్టెకు తగిలితే, ఎర్తు లేనప్పుడు ఆ విద్యుత్తు మైకు పట్టుకున్న వ్యక్తి శరీరం గుండా భూమిలోకి ప్రవహిస్తుంది. పరికరాలన్నింటికీ ఒకే చోటి నుండి విద్యుత్తు, ఎర్తు ఇచ్చి, బ్యాలెన్స్‌డ్ తీగలు వాడితే ఆ శబ్దం చాలావరకు తగ్గుతుంది.