వాతావరణ మార్పు – మానవ ప్రభావం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత చరిత్ర

వాతావరణ మార్పు అంటే ఒక వేసవి ఎండ గానీ, ఒక ఏటి కరువు గానీ కాదు. ఉష్ణోగ్రత, వర్షపాతం, గాలుల దీర్ఘకాలిక సగటులు దశాబ్దాల తరబడి ఒక దిశగా జరగడం. ఈ జరుగుబాటులో మనిషి పాత్ర ఎంత, దాన్ని అతడు అదుపు చేసుకొని బతికి బట్టకట్టగలడా అన్న ప్రశ్నలకు పూర్వపు నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత చరిత్ర స్పష్టమైన ఆధారాలను ఇస్తుంది. వరి, సున్నపురాయి, బొగ్గు అనే మూడు ఉద్గార మూలాలూ, వాటి ఫలితాన్ని అనుభవించే జనమూ ఇక్కడ ఒకే చోట కనిపిస్తారు.

వాన మీద ఆధారపడిన ఈ మెట్ట నేలలో జీవనం చిరకాలం చెరువుల చుట్టూ అల్లుకుంది. సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రిలో ఆలయాలు కట్టించిన రేచర్ల వంశీయుల వంటి కాకతీయ సామంతులు చెరువుల తవ్వకాన్ని కూడా పుణ్యకార్యంగా భావించారు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేయడం, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేయడం ఈ ప్రాంత రూపురేఖలను మార్చివేశాయి. లాల్‌బహదూర్ కాలువ అని పేరుపెట్టిన ఎడమ కాలువ కింద మెట్ట పొలాలు మాగాణిగా మారగా, మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణంగా ఎదిగింది. కరువును తప్పించుకోవడానికి జరిగిన ఈ ప్రయత్నం సఫలమైంది. దానితోపాటే మాగాణి మడుల నుంచి గాలిలోకి మీథేన్ ఎక్కువగా చేరడం మొదలైంది.

నీరు నిలిచిన మడిలో నేలకు ఆక్సిజన్ అందదు. ఆ స్థితిలో బతికే సూక్ష్మజీవులు కుళ్లిన మొదళ్లను, ఎరువును విచ్ఛిన్నం చేస్తూ మీథేన్‌ను విడుదల చేస్తాయి. నూరేళ్ల లెక్కన చూస్తే ఒక టన్ను మీథేన్ దాదాపు 27 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడిని పట్టి ఉంచుతుంది. అయితే అది గాలిలో సుమారు పన్నెండేళ్లు మాత్రమే నిలుస్తుంది కాబట్టి, దాన్ని తగ్గిస్తే ఫలితం ఒక తరంలోనే కనిపిస్తుంది. మడిని ఎప్పుడూ నింపి ఉంచకుండా, నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగిన తరువాత మళ్లీ తడి ఇచ్చే ఆరుతడి పద్ధతి ఇందుకు మేలైన మార్గం. 2003లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆలపాటి సత్యనారాయణ ఉమ్మడి రాష్ట్రంలో ప్రచారం చేసిన శ్రీ వరి సాగులోనూ ఇదే సూత్రం ఉంది. నీటి కొరత ఉన్న ఏళ్లలో సాగర్ కాలువలకు వారబందీగా, అంటే వంతులవారీగా, నీరు వదలడం ఇక్కడి రైతులకు అలవాటే; ఆ వంతులు ముందుగా ఖరారై, చివరి భూములకు సక్రమంగా అందితేనే రైతు మడిని ధైర్యంగా ఆరనిస్తాడు.

మట్టపల్లి, మేళ్లచెర్వు, వాడపల్లి పరిసరాల్లోని సున్నపురాయి నిక్షేపాలు సిమెంటు పరిశ్రమను ఇక్కడికి రప్పించాయి. నూరు కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ బట్టీలో విచ్ఛిన్నమైతే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. బట్టీకి వాడే ఇంధనం పొగ దీనికి అదనం. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగిన, బొగ్గుతో నడిచే యాదాద్రి తాప విద్యుత్ కేంద్రం 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో 4,000 మెగావాట్ల సామర్థ్యానికి రూపొందింది. మనిషి వాతావరణాన్ని మార్చగలడా అన్న సందేహానికి ఇక్కడి పొగగొట్టాలే సమాధానం. ప్రపంచ స్థాయిలో స్వాంటే అర్హీనియస్ 1896లోనే కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుందని లెక్కగట్టగా, ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని వాతావరణ మార్పుల అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) మానవ ప్రభావం నిస్సందేహమని 2021లో ప్రకటించింది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అందువల్ల వానలు లేని రోజులు పెరిగినా, కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం ఎక్కువ. 2023లో సాగర్‌కు చాలినంత నీరు రాక ఎడమ కాలువ ఆయకట్టు దెబ్బతింది. మరుసటి ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన అతిభారీ వర్షాలకు కోదాడ నీట మునిగి ప్రాణనష్టం జరిగింది. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద అదే కాలువకు గండి పడింది. ఏ ఒక్క వానకైనా భూతాపమే ఏకైక కారణమని చెప్పడం శాస్త్రీయం కాదు. కానీ కరువునూ వరదనూ వెంటవెంటనే తట్టుకోవలసిన కాలానికి తగినట్టు కట్టలు, తూములు, అలుగులు సిద్ధంగా ఉండాలన్నది మాత్రం నిర్వివాదం.

ప్రపంచ ఉద్గారాలను ఈ మూడు పట్టణాలు తమంతట తాము ఆపలేవు, అయితే స్థానిక మరణాలను చాలావరకు ఆపగలవు. 2015 మే నెల వడగాలులకు భారతదేశంలో రెండు వేలమందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రజలే. యాసంగి ధాన్యం ఐకేపీ కొనుగోలు కేంద్రాలకు, మిల్లులకు చేరేది సరిగ్గా ఆ ఎండల్లోనే కాబట్టి, బస్తాలు మోసే హమాలీలు, ధాన్యం ఆరబోసే రైతులు, కూలీలు ఈ ముప్పుకు ముందుగా గురవుతారు. పని వేళల మార్పు, నీడ, తాగునీరు ఖర్చు తక్కువైన రక్షణలు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు నాలుగు లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది.