భుజం నొప్పి సూదులు: ఏది పాతది, ఏది కొత్తది?

హైదరాబాద్‌లోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు భుజం పట్టేసిన వాళ్లకు ఒక మాట తరచు వినపడుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ పాత పద్ధతి, నరాన్ని మొద్దుబార్చే నర్వ్ బ్లాక్ కొత్తది, అందులో స్టెరాయిడ్ ఉండదు అని. చరిత్ర చూస్తే ఈ మాట నిలవదు.

1884లో కార్ల్ కోలర్ అనే వైద్యుడు కొకైన్‌తో కంటిని మొద్దుబార్చాడు, ఒక భాగాన్ని మాత్రమే మొద్దుబార్చే వైద్యం అక్కడ మొదలైంది. 1934లో అమెరికా సర్జన్ కాడ్‌మన్ భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్‌ను వర్ణించాడు. రెక్క ఎముక పైఅంచు గాడిలోంచి వెళ్లే సుప్రాస్కాప్యులర్ నరానికి మందు ఇచ్చే పద్ధతిని వెర్త్‌హైమ్, రోవెన్‌స్టైన్ 1941లోనే ప్రకటించారు. హెంచ్ అనే వైద్యుడు కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను తొలిసారి కీళ్లవాతం రోగికి ఇచ్చింది 1948లో. కీళ్లలోకి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించడం 1951 నాటి మాట. అంటే రెండింటిలో నర్వ్ బ్లాకే పాతది.

మరి అది ఎందుకు మరుగున పడింది? ఎముక గుర్తులు తడిమి సూది గుచ్చే రోజుల్లో ఊపిరితిత్తికి తగులుతుందన్న భయం ఉండేది. కీలులోకి ఇంజెక్షన్ మాత్రం ఎముకల డాక్టరు ఓపీలోనే ఇచ్చేయగలడు. సూది మొన తెరమీద కనిపించే అల్ట్రాసౌండ్ వచ్చాకే బ్లాక్ మళ్లీ ఊపందుకుంది. మన దేశంలో ఆ యంత్రం పెట్టాలంటే లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద నమోదు తప్పనిసరి. కాబట్టి చిన్న క్లినిక్‌లకు అది అంత తేలిక కాదు. కొత్తది యంత్రమే, వైద్యం కాదు.

అసలు చిక్కు పరిశోధనల్లో ఉంది. 2000లో డాహన్ బృందం 34 మంది ఫ్రోజెన్ షోల్డర్ రోగులపై చేసిన పరీక్షలో ఒక వర్గానికి మొద్దుబార్చే మందైన ఉత్త బుపివకైన్ బ్లాకులే ఇచ్చారు. నెల తర్వాత వాళ్లలో నొప్పి 64 శాతం తగ్గింది, ఉత్తుత్తి సూది పడ్డవాళ్లలో 13 శాతమే. కానీ భుజం పనితీరు ఆ మేరకు మెరుగుపడలేదు. 2003లో షనహన్ బృందం 83 మందితో చేసిన పరీక్షను బ్లాక్ విజయంగా చెబుతారు. అయితే ఆ సిరంజిలో బుపివకైన్‌తో పాటు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉంది. అలాంటప్పుడు బ్లాక్ గెలిచిందా, స్టెరాయిడ్ గెలిచిందా అన్నది ఆ పరీక్ష తేల్చదు. అదే ఏడాది కరెట్ బృందం 93 మందిలో చూసింది కూడా గుర్తుంచుకోవాలి: కీలులో స్టెరాయిడ్, దానికి తోడు వ్యాయామం తొందరగా ఊరటనిచ్చాయి, కానీ ఏడాది తిరిగేసరికి వర్గాల మధ్య తేడా మిగల్లేదు.

ఇక ఐటీ ఉద్యోగుల్లో ఈ నొప్పిని కీబోర్డు మీదకు నెట్టేయడం మరో పొరపాటు. మెడ, భుజం కండరాల బిగుతుకు గంటల తరబడి కూర్చోవడం కారణం కావచ్చు. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోనివ్వని ఫ్రోజెన్ షోల్డర్ వేరు. అది ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య వస్తుంది, మధుమేహం ఉన్నవాళ్లను మరింత పట్టుకుంటుంది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచిన 1998లో పాతికేళ్లతో ఉద్యోగంలో చేరినవాళ్లకు ఇప్పుడు సరిగ్గా ఆ వయసే.

షుగర్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ సూది పడితే కొన్ని రోజులపాటు చక్కెర పెరుగుతుంది. బ్లాక్ వైపు మొగ్గడానికి ఇది న్యాయమైన కారణమే, అందులో స్టెరాయిడ్ కలపకపోతేనే. నొప్పి తగ్గిన ఆ కొద్ది వారాల్లో ఫిజియోథెరపీ చేయించకుండా ఇంటికి పంపేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. చీటీ మీద మందు పేరు, మిల్లీగ్రాముల మోతాదు రాయమని అడగడం రోగి హక్కు.