తాళ్ళపాక సంకీర్తనల పునరుద్ధరణ

తిరుమల ఆలయంలో రాగిరేకులపై భద్రంగా ఉండి, గానంలో మాత్రం చాలావరకు మరుగునపడిన తాళ్ళపాక కవుల కీర్తనలను 20వ శతాబ్దంలో పరిష్కరించి, ముద్రించి, స్వరపరచి తిరిగి ప్రచారంలోకి తెచ్చిన కృషిని తాళ్ళపాక సంకీర్తనల పునరుద్ధరణ అనవచ్చును. ఈ కృషికి ప్రధానమైన ఆర్థికాధారం ఆలయ నిధులు, అనగా భక్తులు సమర్పించిన కానుకలు.

నేపథ్యం

తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408 - 1503) 32,000 సంకీర్తనలు రచించాడని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము చెబుతున్నది. నేడు లభిస్తున్నవి సుమారు 12,000 మాత్రమే. అన్నమయ్య కుమారుడు పెదతిరుమలాచార్యుడు వీటిని రాగిరేకులపై చెక్కించాడు. ఆలయంలో హుండీకి సమీపాన ఉన్న సంకీర్తన భాండాగారంలో ఆ రేకులను భద్రపరిచారు.

రేకులపై సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి కాని సాధారణంగా స్వరాలు లేవు. త్యాగరాజు కృతులను ఆయన శిష్యులు, ప్రశిష్యులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. ఈ సంకీర్తనలకు అంతటి విస్తృతమైన శిష్యపరంపర మిగలలేదు. అందువలన మాట నిలిచినా వరుస నిలవలేదు.

పరిష్కరణ, ముద్రణ

ఈ రేకుల ప్రస్తావన ఎ.డి.క్యాంప్‌బెల్ 1816లో ప్రచురించిన తెలుగు వ్యాకరణ గ్రంథంలోనే ఉన్నది. అయినను 1922 ప్రాంతంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వాటిని వెలుగులోకి తెచ్చేవరకు పండితుల దృష్టి వీటిపై అంతగా పడలేదు. 1930వ దశకం నుండి తిరుమల తిరుపతి దేవస్థానం వీటిని సంపుటాలుగా ముద్రించింది. వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించిన అన్నమాచార్య చరిత్రము 1949లో వెలువడింది.

స్వరరచన

ముద్రణతో సాహిత్యం పాఠకులకు చేరింది, కాని గాయకులకు పాట చేరలేదు. ఈ లోటును తీర్చడానికి పూనుకొన్నవారిలో ప్రముఖుడు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893 - 1979). సాహిత్యంలోను, సంగీతంలోను సమానమైన పాండిత్యం గల ఈయన 1950 నుండి దేవస్థానంలో పనిచేసి, నూరుకు పైగా కీర్తనలను స్వరపరచి, స్వరలిపితో ప్రచురించాడు.

1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును ఆరంభించింది. పరిశోధన, రికార్డింగు, కచేరీలు, శిక్షణ దీని కార్యక్రమాలు. ఇందులో గాయకుడుగా చేరిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ (1948 - 2025) వందలాది సంకీర్తనలకు వరుసలు కట్టాడు. తన కచేరీల ఆదాయాన్ని విరివిగా దానధర్మాలకు ఇచ్చిన ఎం.ఎస్.సుబ్బులక్ష్మి పాడిన "బాలాజీ పంచరత్నమాల" రికార్డులు కూడా దేవస్థానం ప్రోత్సాహంతో వెలువడినవే.

విశాఖ, విజయనగరాల పాత్ర

"నానాటి బతుకు నాటకము" అనే కీర్తన నేడు ఎక్కువగా రేవతి రాగంలో వినిపిస్తుంది. ఆ వరుస కట్టినవాడు నేదునూరి కృష్ణమూర్తి (1927 - 2014). పిఠాపురం ప్రాంతానికి చెందిన ఈయన 1940లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చేరి ద్వారం నరసింగరావు వద్ద శిక్షణ పొందాడు. తరువాత విశాఖపట్నంలో స్థిరపడి, అక్కడే మరణించాడు. ఆ కళాశాల కూడా ఒక దాత ఔదార్య ఫలమే. పూసపాటి విజయరామ గజపతిరాజు దానిని 1919లో నెలకొల్పగా, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడయ్యాడు.

ఇతర దేశాలలో

ఆదరణ తగ్గిన సంగీతానికి దాతృత్వం అండగా నిలవడం ఇతర దేశాలలోను ఉన్నది. ఆంగ్ల స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ తన రచనల ప్రదర్శనలపై వచ్చే ఆదాయంతో బ్రిటిష్ సంగీతానికి తోడ్పడేందుకు 1956లో ఒక ట్రస్టును స్థాపించాడు. అక్కడ మూలధనం ఒక స్వరకర్త ఆర్జన, తిరుమలలో అసంఖ్యాకులైన భక్తుల కానుక. మరొక భేదం కూడా ఉన్నది. బ్రిటిష్ స్వరకర్తల రచనలు స్వరలిపిలో ఉన్నాయి గనుక ఎంతకాలానికైనా వాటిని తీసి వాయించవచ్చును. తాళ్ళపాక రేకులను చూసి పాడాలంటే వరుసను కొత్తగా కట్టుకోవలసినదే.

పరిమితులు

నేడు వింటున్న వరుసలు చాలావరకు అన్నమయ్య నాటివి కావని, గత శతాబ్దపు విద్వాంసులు కట్టినవని విద్యార్థులు గుర్తించాలి. ఒకే కీర్తన వేర్వేరు రాగాలలో వినిపించడానికి కారణం ఇదే. లభించిన సంకీర్తనలలో కచేరీలలో తరచు వినిపించేవి స్వల్పభాగమే. మిగిలినవి రేకులనుండి పుస్తకాలకు చేరినా, ఇంకా గళాలకు చేరవలసి ఉన్నది.

ఇవి కూడా చూడండి

అన్నమయ్య
రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ
నేదునూరి కృష్ణమూర్తి