దుబాయ్, అబుదాబి కూడా దాయాదులే

ఇంటర్నేషనల్ సిటీ నుంచి అబుదాబికి కారులో వెళ్తే దారిలో సరిహద్దు తనిఖీ ఉండదు. కానీ 1945 నుంచి 1948 వరకు దుబాయ్, అబుదాబి యుద్ధం చేసుకున్నాయి.

రెండు పాలక వంశాలదీ బనీ యాస్ తెగే. 1833లో ఆ తెగలోని అల్ బూ ఫలాసా శాఖవారు సుమారు 800 మంది అబుదాబి పాలకుడితో పొసగక దుబాయ్ వచ్చి స్థిరపడ్డారు. తర్వాత సరిహద్దు తగాదా యుద్ధానికి దారితీసింది. చివరికి బ్రిటిష్ వారు కలగజేసుకున్నారు.

మన పల్నాడులోనూ 12వ శతాబ్దంలో ఇలాగే జరిగింది. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు సవతి సోదరులు. కోడిపందెంలో ఓడిన మాచర్లవారు ఊరు విడిచారు. గడువు తీరినా రాజ్యం తిరిగి దక్కకపోవడంతో కారంపూడిలో యుద్ధం జరిగింది. రెండు పక్షాలూ నాశనమయ్యాయి.

ఇక్కడ మాత్రం బ్రిటిష్ వారు వెళ్లిపోతామని ప్రకటించగానే షేక్ జాయెద్, షేక్ రాషిద్ 1968 ఫిబ్రవరి 18న ఎడారిలో కలిసి ఏకమవుదామని ఒప్పుకున్నారు. సముద్ర సరిహద్దులో కొంత భాగాన్ని అబుదాబి దుబాయ్‌కి వదులుకుంది. 1971 డిసెంబర్ 2న ఆరు ఎమిరేట్లతో యూఏఈ ఏర్పడింది. రస్ అల్ ఖైమా 1972లో చేరింది.

డిసెంబర్ 2న సెలవు ఎందుకని పిల్లలు అడిగితే, పల్నాటి కథతో కలిపి ఈ కథ చెప్పవచ్చు.