వైట్‌హాల్ ప్లేస్‌లో ఒక తెరిచిన తలుపు

లండనులో ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి థేమ్సు నది వైపు నడిచి వెళితే వైట్‌హాల్ ప్లేస్ అనే చిన్న వీధి వస్తుంది. ఆ వీధి చివర కోటలాంటి పెద్ద రాతి మేడ ఒకటుంది. అదే నేషనల్ లిబరల్ క్లబ్బు. ఈ రోజుల్లో అక్కడి గదులు విందులకూ సభలకూ అద్దెకిస్తారు. ఆ మెట్లెక్కే వారిలో భారతీయులూ ఉంటారు. కాని నూటముప్ఫయి ఏళ్ళ పైబడి భారతీయులకు ఆ భవనంతో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు.

ఆ కాలపు లండను క్లబ్బుల్లో పేరున్నవన్నీ జమీందారులకూ పెద్ద ఉద్యోగులకూ చెందినవి. లిబరల్ పార్టీకి ఊళ్ళలో పనిచేసే సామాన్య కార్యకర్తలకు రాజధానిలో కూర్చునేందుకు చోటు లేదు. ఆ లోటు తీర్చడానికే 1882లో ఈ క్లబ్బు పెట్టారు. గ్లాడ్‌స్టన్ దీనికి మొదటి అధ్యక్షుడు. 1884లో భవనానికి శంకుస్థాపన చేసింది కూడా ఆయనే. ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి గీసిన నమూనా ప్రకారం కట్టి 1887లో తెరిచారు. లోపలి గోడలకూ స్తంభాలకూ మెరిసే పెంకులు తాపడం చేశారు. బయటి ఊళ్ళ సభ్యులకు బస గదులు, ఒక పెద్ద గ్రంథాలయం కూడా ఉండేవి. చందా తక్కువ. రంగును బట్టి, మతాన్ని బట్టి సభ్యత్వం నిరాకరించే పద్ధతి లేదు.

అదే సమయంలో మన చెన్నపట్నం సంగతి చూడండి. 1832లో పుట్టిన మద్రాసు క్లబ్బులో భారతీయులకు ప్రవేశం లేదు. 1873లో కాస్మోపాలిటన్ క్లబ్బు వచ్చాక గాని తెలుగు, తమిళ ప్లీడర్లు తెల్లవారితో ఒక చోట కూర్చునే వీలు కలగలేదు. సొంత గడ్డ మీద మద్రాసు క్లబ్బు గడప దాటలేని మనిషి, సముద్రం దాటి వస్తే వైట్‌హాల్ ప్లేస్‌లో సభ్యుడుగా భోజనం చేయవచ్చునన్నమాట.

ఆ తలుపు వల్ల ఒరిగిందేమిటని అడిగితే దాదాభాయి నౌరోజీ గారి కథ చెప్పాలి. ఆయన 1886లో హోబర్న్ నుంచి పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయారు. 1888 నవంబరులో ప్రధానమంత్రి సాలిస్‌బరీ ఎడింబరో సభలో ఆ ఓటమిని ప్రస్తావిస్తూ, ఒక నల్లవాణ్ణి ఎన్నుకునే స్థితికి ఇంగ్లీషు ఓటర్లు ఇంకా రాలేదన్న ధోరణిలో మాట్లాడాడు. 1889 జనవరిలో నేషనల్ లిబరల్ క్లబ్బు నౌరోజీ గారి గౌరవార్థం పెద్ద విందు చేసింది. అవమానించిన మాటే ఆయన పేరును దేశమంతటా తెలియజేసింది. 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి ఆయన గెలిచారు. మెజారిటీ 5 ఓట్లకు మించలేదు. ఆ విందు లేకపోతే గెలిచేవారు కారని అనలేం గాని, అంత స్వల్పమైన గెలుపులో ప్రతి మిత్రుడూ లెక్కకు వచ్చినట్లే. తరువాత గోఖలే గారు లండను వచ్చినపుడు ఈ క్లబ్బులోనే బస చేసి, ఇక్కడి నుంచే ఉత్తరాలు రాసేవారు.

అయితే భోజనాల బల్ల దగ్గరి సమానత్వం పరిపాలన దాకా వెళ్ళలేదు. 1907లో లాలా లజపతి రాయ్‌ని విచారణ లేకుండా మాండలేకు పంపినపుడు లండనులో ఉన్నది లిబరల్ ప్రభుత్వమే. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు జైలుకు వెళ్ళినపుడు ఉన్నదీ అదే. విందు చేసిన పార్టీయే సంకెళ్ళూ వేసింది. ఈ రెండూ కలిపి గుర్తుంచుకుంటేనే చరిత్ర సరిగా చదివినట్లు.

1941 మే నెలలో జర్మను బాంబు పడి క్లబ్బు మెట్లదారి కూలిపోయింది. యుద్ధం ముగిశాక మళ్ళీ కట్టారు. బాంబు చేయలేని పని డబ్బు ఇబ్బంది చేసింది. 1976లో స్త్రీలకు పూర్తి సభ్యత్వం ఇచ్చి తలుపు మరికాస్త తెరిచారు. ఇంచుమించు అదే సమయంలో గ్రంథాలయాన్ని 40,000 పౌన్లకు బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి అమ్మేశారు. 1985లో పై అంతస్తుల గదులు పక్క హోటలు పరమయ్యాయి. గ్లాడ్‌స్టన్ పేరుతో ఉన్న గ్రంథాలయపు గది ఇప్పుడు విందుల హాలు. అలమరల్లో వరసగా పుస్తకాలు కనిపిస్తాయి గాని అవి అలంకారం కోసం పెట్టిన ఉత్త అట్టలు. అసలు పుస్తకాలు విశ్వవిద్యాలయానికి చేరి పాఠకులకు అందుబాటులో ఉండటం ఒక అదృష్టం.

జైలుకు వెళ్ళిన గాడిచర్ల వారు తరువాతి కాలంలో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమానికి నాయకులయ్యారు. పల్లెల్లో పాకల్లోనూ సత్రాల్లోనూ గ్రంథాలయాలు పెట్టించిన ఉద్యమం అది. భవనం కోసం వారు ఆగలేదు. విదేశాల్లో మన సంఘాలు సొంత హాలు గురించి తరచు చర్చించుకుంటాయి, మంచిదే. హాలు వచ్చే లోపల ఎవరి ఇంట్లోనైనా ఒక అలమర తెలుగు పుస్తకాలు పోగుచేసి, అడిగిన ప్రతివారికీ అరువివ్వడం మొదలుపెట్టవచ్చు. దానికి అద్దె అక్కరలేదు.